కల్లం మీద లెక్క

ఉగాది దాటిందంటే పినపాక చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఒకటే మాట: తునికాకు. అప్పటికి ఇప్పపూలు ఏరడం అయిపోవచ్చేది. మిరపకాయ బస్తాలకెక్కేది. వానాకాలం సాగుకు ఇంకా చాలా రోజులుండేవి. చేతిలో పైసా ఆడని ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ దొరికే పని తునికాకే. మణుగూరు నుంచి ఏటూరునాగారం పోయే రోడ్డు మీద, ఏడూళ్ళ బయ్యారం క్రాస్‌రోడ్డు దగ్గర, ఖాళీ గోనెసంచుల లారీలు ఆగడం మొదలైందంటే సీజన్ దగ్గరపడ్డట్టే. ఆ రోడ్డుకు ఒకపక్క గోదావరి, ఇంకోపక్క కరకగూడెం, గుండాల దాకా అడవి. ఆ అడవిలోనే మావాళ్ళ కార్ఖానా ఉండేది. దానికి గోడల్లేవు, గేటు లేదు, బోర్డు లేదు.

ఆకు కోత ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ మావాళ్ళు కట్టుకున్న ఏర్పాటు మాత్రం చాలావరకు పోయింది. రేటు ఎవరు తేల్చాలి, లెక్క ఎవరు చూడాలి, బాగాలేదని తీసేసిన ఆకుకట్ట ఎవరికి చెందాలి అన్నవాటికి ఆనాడు ఊరి దగ్గర జవాబులుండేవి. అవి ఏ చట్టంలోంచీ రాలేదు. ఏటేటా గొంతెత్తి సంపాదించుకున్నవి. వాటిని రాసిపెట్టినవాళ్ళు తక్కువ. అందుకే నాకు గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

బీడీకి పెద్ద తునికి చెట్టు ఆకు పనికిరాదు. శివరాత్రి ముందూ వెనకా పొదలను మొదలంటా కొట్టేస్తే, నెలన్నరకు ఆ మోళ్ళ నుంచి కొత్త చిగురు లేస్తుంది. దాన్ని కొమ్మకొట్టుడు అనేవాళ్ళు, ఫారెస్టువాళ్ళు ప్రూనింగ్ అనేవాళ్ళు. చిగురు ఎర్రదనం వదిలి పచ్చబడ్డాక, మరీ ముదరక ముందు ఆకు తెంపాలి. ఈనె సన్నగా ఉండాలి, చుడితే చిట్లకూడదు, పురుగు తిన్న బొక్క ఉండకూడదు. ఆ అదును మూడు నాలుగు వారాలకు మించదు. ఒక్క పెద్ద వాన పడితే ఆకు మచ్చలు తేలి ఎందుకూ కొరగాకుండా పోతుంది.

కోడి కూయకముందే ఆడవాళ్ళు లేచేవాళ్ళు. ఆనపకాయ బుర్రలో నీళ్ళు, మూటలో చద్దన్నం, నడుముకు జోలె. దగ్గరి పొదలు ముందే అయిపోతాయి కాబట్టి రోజురోజుకూ నడక పెరిగేది. మా అమ్మ ఎడమచేత్తో కొమ్మ వంచి, కుడిచేత్తో ఒక్కో ఆకూ తొడిమతో సహా తెంపేది. చేతిలో దొంతి నిండగానే జోలెలోకి జార్చేది. ఎండ నడినెత్తికి రాకముందే ఇల్లు చేరాలి. మా వైపు వేసవి ఎండ ఎలాంటిదో కొత్తగూడెం, మణుగూరు వాళ్ళెవరినడిగినా చెబుతారు. కోసిన ఆకు ఆ ఎండలో వాడిపోతే కట్ట కుదరదు.

మధ్యాహ్నమంతా పందిరి కింద కట్టలు కట్టే పని. కట్టకు 50 ఆకులు. తొడిమలన్నీ ఒకవైపుకు సర్ది, ముందే నానబెట్టుకున్న నారతో రెండు చుట్లు చుట్టి బిగించాలి. పిల్లలం ఐదైదు ఆకులు లెక్కపెట్టి పది దొంతులు అందిస్తే పెద్దవాళ్ళు కట్టేవాళ్ళు. బడికి సెలవులు కాబట్టి పిల్లలు లేని పందిరి ఉండేది కాదు. మా అమ్మ నోటితో లెక్కపెట్టగా నేను వినలేదు. బొటనవేలు ఆకుల అంచుల మీదుగా ఒకసారి పోయేది, అంతే. కట్ట తక్కువైందని ఆమెకు వేలే చెప్పేది.

పొద్దు వాలేవేళకు అందరూ కల్లానికి చేరేవాళ్ళు. ఊరి చివర పొదలు కొట్టి, రాళ్ళేరి చదును చేసిన బయలది. తెచ్చిన కట్టలను నేల మీద వరసలుగా పరచాలి, వరసకు ఇన్నని లెక్క. కల్లేదారు వరసల మధ్య నడుస్తూ వంగి వంగి చూసేవాడు. కల్లేదారంటే కాంట్రాక్టరు తరఫున కల్లం చూసే మనిషి. కానీ మా దగ్గర ఆ మనిషి ఊరివాడే అయ్యుండాలని పట్టుబట్టి సాధించుకున్నారు. బయటివాడైతే సీజన్ అయ్యాక కనబడడు. ఊరివాడైతే ఏడాదంతా అదే బావి దగ్గర, అదే సంతలో మొహం చూపించాలి.

ఒక సాయంత్రం కల్లేదారు మా అమ్మ వరస దగ్గర ఆగి ఒక కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

“అత్తా, ఈ కట్ట పలచగుంది.”

“పలచగుంటే ఇప్పు. అందరి ముంగట ఇప్పి లెక్కబెట్టు.”

విప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికొచ్చారు. ఒక్కో ఆకూ తీసి నేల మీద పేరుస్తూ పైకి లెక్కపెట్టాడు. 51 వచ్చాయి. కల్లేదారు మారుమాట్లాడకుండా ఆకులు సర్ది, మళ్ళీ నార బిగించి, కట్టను వరసలో పెట్టాడు. విప్పినవాడే కట్టాలన్నది మా కల్లం కట్టుబాటు. అనుమానపడే హక్కు వాళ్ళకుంది, ఆ అనుమానానికయ్యే చాకిరీ కూడా వాళ్ళదే. చిన్న సంగతిగా కనబడుతుంది గానీ, ఈ నియమం లేనప్పుడు కాంట్రాక్టరు గుమస్తా కాలితో కట్టను పక్కకు నెట్టి “తీసెయ్” అంటే, అది తీసేసినట్టే. తీసేసిన కట్ట తెల్లారేసరికి కాంట్రాక్టరు కుప్పలోనే ఉండేది, డబ్బులు మాత్రం ఉండేవి కావు.

కొసరు కూడా అలాంటిదే. నూరు కట్టలిస్తే పైన కొన్ని కట్టలు ఊరికే ఇవ్వాలి. ఎండితే తరుగు పోతుందని కాంట్రాక్టర్ల వాదన. నూటికి ఐదు కొసరంటే వెయ్యి కట్టలకు 50 కట్టలు, అంటే 2,500 ఆకులు. ఒక రోజు అడవిలో తిరిగి తెచ్చినంత ఆకు ఉత్తపుణ్యానికి పోతుంది. మా ఊళ్ళో సంఘం రేటు కన్నా ముందు కొసరు మీదే నిలబడింది. రేటు ఎంత పెరిగినా కొసరు ఉన్నంతకాలం ఆ పెరిగింది వెనక దారిన వాళ్ళ జేబులోకే పోతుందని ముసలివాళ్ళు పట్టుకున్న సూత్రమది. వాళ్ళలో చదువుకున్నవాళ్ళు లేరు.

లెక్క అయ్యాక కార్డు. పోస్టుకార్డు కన్నా కొంచెం పెద్ద అట్ట, దాని మీద గళ్ళు: తేదీ, కట్టలు, సంతకం. కల్లేదారు అంకె వేసి, ఆ అంకెను పైకి చదివి, కార్డు చేతికిచ్చేవాడు. పైకి చదవడం తప్పనిసరి. చదువురాని మనిషికి తన అంకె తన చెవినబడాలి, పక్కనున్న పదిమంది చెవినా పడాలి. పెన్నుతో పెట్టిన అంకెను తర్వాత దిద్దవచ్చేమో గానీ పదిమంది విన్న అంకెను దిద్దడం కష్టం. మా అమ్మ ఆ కార్డును వాసం సందులో దాచేది. కార్డు మీద పేరు మాత్రం మా నాన్నది. కోసింది ఆమె, కట్టింది ఆమె, మోసింది ఆమె. ఊళ్ళో చాలా కార్డుల సంగతి అదే. అంత పట్టుదలగా లెక్క చూసుకున్న ఊరు ఈ ఒక్క గడి జోలికి చాలాకాలం వెళ్ళలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

ఇక రేటు. సీజన్‌కు ముందే ఊరూరా మీటింగులు జరిగేవి. సీపీఐ, సీపీఎం, న్యూడెమోక్రసీ, ఏ ఊళ్ళో ఏ జెండా గట్టిగా ఉంటే అక్కడ ఆ జెండా సంఘం. జెండాలు వేరైనా నినాదం ఒకటే ఉండేది: రేటు తేలందే ఆకు ముట్టం. చిగురు ఎదుగుతుంటుంది, ఎవరూ అడవికి పోరు. కాంట్రాక్టరు అప్పటికే ప్రభుత్వానికి డబ్బు కట్టి యూనిట్‌ను, అంటే కొన్ని ఊళ్ళ ఆకును, వేలంలో పాడుకుని ఉంటాడు, ఆకు ముదిరితే అతనికి నష్టం. ఇటు మావాళ్ళ ఇళ్ళలో గింజలు అడుగంటి ఉంటాయి, ఒక్కో రోజు ఆగడం ఒక్కో పూట పస్తు. రెండు వైపులా గడియారం ఒకటే, అది చెట్టు మీద ఉంది. ఎవరు ముందు వంగుతారన్నదే బేరం. చర్చలకు కాంట్రాక్టరు మనుషులు వచ్చేవాళ్ళు, ఊళ్ళ నుంచి పెద్దమనుషులు, సంఘం వాళ్ళు పోయేవాళ్ళు. తిరిగొచ్చేదాకా ఊరు నిద్రపోయేది కాదు.

కొట్లాట పైసల మీదే. కానీ కట్టకు ఐదు పైసలంటే ఏమిటో లెక్కేసి చూడండి. స్టాండర్డ్ బ్యాగు అంటే వెయ్యి కట్టలు, అంటే 50 వేల ఆకులు. వెయ్యి బ్యాగుల యూనిట్ అయితే పది లక్షల కట్టలు. కట్టకు ఐదు పైసలు పెరిగితే ఆ యూనిట్ ఊళ్ళకు 50 వేల రూపాయలు ఎక్కువ వస్తాయి. రూపాయికి విలువున్న ఆ రోజుల్లో అది ఎన్ని ఇళ్ళ విత్తనాల ఖర్చో ఊహించుకోవచ్చు.

ఇంత జరుగుతున్నా కాగితాల మీద మావాళ్ళు కార్మికులు కారు. ఆకు వ్యాపారాన్ని మొదట చేతిలోకి తీసుకున్నది మధ్యప్రదేశ్, 1964లో. మన దగ్గర 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం వచ్చింది. ఫారెస్టు రికార్డుల్లో అబ్నూస్ ఆకు అని రాసే ఈ తునికాకును ప్రభుత్వం గానీ, ప్రభుత్వం ఒప్పుకున్నవాళ్ళు గానీ తప్ప వేరెవరూ కొనకూడదంది. అది వ్యాపారానికి పెట్టిన కట్టడి. కోసే చేతి గురించి అందులో పెద్దగా ఏమీ లేదు. ఆకు తెచ్చే మనిషి చట్టం కంటికి అమ్మకందారు. అడవి ప్రభుత్వానిది, యూనిట్ కాంట్రాక్టరుది, కల్లం కల్లేదారుది. యజమాని ఎవరని అడిగితే ఒకరివైపు ఒకరు వేలు చూపించేవాళ్ళు.

అదే ఆకు లారీ ఎక్కి నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఊళ్ళకు చేరితే కథ వేరు. అక్కడ బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉండేది. యజమానులు దాన్ని కోర్టులో సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు మంగళూరు గణేశ్ బీడీ కేసులో చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. బాగాలేవని యజమాని ఎన్ని బీడీలు పక్కన పడేయవచ్చో దానికీ ఆ 1966 చట్టం కింద హద్దు ఏర్పడింది. తీసేసిన బీడీ కోసం బీడీలు చుట్టే అక్క, తీసేసిన కట్ట కోసం మా అమ్మ చేసిన పోరు ఒక్కటే. ఆ అక్కకు హద్దు చట్టం నుంచి వచ్చింది. మా అమ్మకు కల్లం మీద నిలబడ్డ పదిమంది నుంచి వచ్చింది.

ప్రపంచం ఈ సంగతి గమనించలేదని కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1975లో గ్రామీణ శ్రామికుల సంఘాల మీద 141వ ఒప్పందం చేసింది. పల్లెల్లో పనిచేసేవాళ్ళు కూలికి పోయేవాళ్ళైనా, సొంతంగా పనిచేసుకునేవాళ్ళైనా సంఘం పెట్టుకునే హక్కు వాళ్ళకుందని అందులో ఉంది. భారతదేశం 1977లో దానికి ఆమోదం తెలిపింది. పినపాక అడవిలో ఆ కాగితం చదివినవాళ్ళు ఉండి ఉండరు. అయినా అందులో ఉన్నది మావాళ్ళు అప్పటికే చేసి చూపిస్తున్నారు.

మణుగూరు మాకు కూతవేటు దూరం. 1970ల నుంచి అక్కడ సింగరేణి బొగ్గు బాయిలు లేచాయి. మా ఊరి కుర్రాళ్ళలో కొందరికి అందులో పని దొరికింది. వాళ్ళు సెలవుకొస్తే మస్టరు గురించి, గేటు మీటింగుల గురించి చెప్పేవాళ్ళు. మస్టరు పడితే జీతం, బాయిలో దెబ్బ తగిలితే వైద్యం, పరిహారం, మాట్లాడటానికి పిట్ కార్యదర్శి. సింగరేణిలో 1998లో గుర్తింపు సంఘానికి మొదటిసారి ఎన్నికలు జరిగాయి, ఏఐటీయూసీ గెలిచింది. 2023 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లోనూ ఆ సంఘమే గెలిచింది. కార్మికులు ఓటేసి తమ గొంతును ఎన్నుకోవడం పెద్ద సంగతి. ఒకే గాలి పీల్చే రెండు పనిచోట్లలో అప్పట్లో ఒకదానికి గనుల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం, ఇన్‌స్పెక్టర్లు. రెండోదానికి ఒక అట్టకార్డు. మా నాన్న కార్డు చూసి, బాయిలో పనిచేసే ఆయన అన్న “మీక్కూడా మస్టరు ఉందిరా” అన్నప్పుడు నాన్న మొహంలో కనబడ్డ గౌరవం నాకు గుర్తుంది.

ఆ కార్డు ఇవ్వలేనివి చాలా ఉండేవి. తునికిపళ్ళు పండేదీ ఆకు కోసేదీ ఒకటే కాలం, పళ్ళ కోసం ఎలుగుబంట్లు వచ్చేదీ అదే మసకచీకట్లో. మా వాడకట్టులో ఒక అక్కను ఎలుగు పట్టుకుంది. మంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చారు. ఆ ఏటి కాంట్రాక్టరు, అడవి జంతువు చేసినదానికి తనకేం సంబంధమన్నాడు. ఆ సాయంత్రం కల్లం మీద ప్రతి ఇల్లూ కొన్ని కట్టలు ఆమె కార్డులో రాయించింది. ఆమె మళ్ళీ లేచి తిరిగేదాకా ఆ కార్డు నిండుతూనే ఉంది. దాన్ని ఈనాటి మాటల్లో ప్రమాద బీమా అనాలి. అది కట్టింది కాంట్రాక్టరు కాదు, ప్రభుత్వమూ కాదు. ఆమెతోపాటు కోసినవాళ్ళే.

1980ల నుంచి ఆకు రేటు మీద అడవిలోని నక్సలైటు దళాల మాటా నడిచింది. ఉత్తర తెలంగాణ అడవి జిల్లాలన్నిటా ఆకు రేటు పెరగడంలో ఆ ఉద్యమాల పాత్ర ఉందన్నది అందరూ ఒప్పుకునేదే. కాంట్రాక్టర్లు వాళ్ళకు చందాలిచ్చేవాళ్ళన్నదీ తెలిసిందే. దాని వెనకే పోలీసులొచ్చేవాళ్ళు. రేటు గురించి మీటింగుకు పోయిన మనిషిని ఎందుకు పోయావని అడిగే రోజులొచ్చాయి. కూలి పెంచమని అడగడం, తుపాకీ పట్టడం వేరు వేరు పనులు. రెంటినీ కలిపి చూసిన చోట నలిగింది ఆకు కోసేవాళ్ళే. భయం పెరిగినకొద్దీ చర్చలకు పోయే పెద్దమనుషులు తగ్గారు.

అన్నిటికన్నా ఎదురుచూసే రోజు పేమెంటు రోజు. రోహిణి కార్తెలో, మృగశిర ఇంకా రాకముందు గుమస్తా డబ్బు తెచ్చేవాడు. కల్లం మీదే కార్డులు కూడి, మొత్తం పైకి చదివి నోట్లు లెక్కపెట్టేవాడు. ఆ డబ్బుతో పత్తి విత్తనాలు, మిరప నారు ఖర్చు, అంగడి బాకీ, పిల్లలకు నోటుపుస్తకాలు, చెప్పులు. వానలకు ముందు ఇంటి కప్పు కమ్ముకునేదీ ఆ డబ్బుతోనే. ఆ ఒక్కరోజు మా అమ్మ సంతలో బేరమాడకుండా గాజులు వేయించుకునేది. ఏడాదిలో ఆమె తన కోసం కొనుక్కున్నది అదొక్కటే.

ఆ ఏర్పాటు ఒక్కరోజులో పోలేదు. పత్తి, మిరప పెరిగాయి, పొదలున్న చోట చేలు వచ్చాయి. భద్రాద్రి థర్మల్ కేంద్రం వచ్చాక కుర్రాళ్ళు కాంట్రాక్టు కూలీకి అటు మళ్ళారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు ఇక్కడి అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. ఆకు కోతలో వాళ్ళ చేతులు చాలా పడ్డాయి, మాట్లాడే గొంతు మాత్రం వాళ్ళకు ఇంకా దొరకలేదు. బీడీలకు గిరాకీ తగ్గింది. మనుషుల ఊపిరితిత్తుల కోసం తగ్గాల్సిందే, కానీ దాని బరువు చివరికి పడేది కోసేవాళ్ళ మీద. 2017లో జీఎస్టీతో ఆకు మీద 18 శాతం పన్ను పడింది. 2025 సెప్టెంబరులో దాన్ని 5 శాతానికి తగ్గించారు. యూనిట్లను ఇప్పుడు ఆన్‌లైన్‌లో పాడుకుంటున్నారు. పాడుకున్నవాడి మొహం ఊరికి తెలియదు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఖాతాలో పడటం మంచిదే. గుమస్తా చేతివాటం తప్పింది, ఆడవాళ్ళ పేరు మీద ఖాతాలు తెరుచుకున్నాయి. మా అమ్మ తరానికి దక్కనిది వాళ్ళ కోడళ్ళకు దక్కింది. 2006 అటవీహక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాని మీద అడవిబిడ్డలకు యాజమాన్య హక్కు ఉందని చెప్పింది. ఆకు అమ్మగా ఖర్చులు పోను మిగిలినదాన్ని బోనస్‌గా కోసినవాళ్ళకే పంచాలన్న ఏర్పాటూ వచ్చింది. ఇవన్నీ సాధించుకున్నవే. కానీ 2016 నుంచి పేరుకుపోయిన బోనస్, 277 కోట్ల రూపాయలకు పైగా, విడుదల చేస్తామని ప్రభుత్వం చెప్పింది 2023లో. అన్నేళ్ళకు ఖాతాలో ఒక అంకె పడితే, అది ఏ ఏటి ఆకుకు, ఎన్ని కట్టలకు అని అడగడానికి మనిషి దగ్గర కార్డు లేదు, పక్కన విన్న పదిమందీ లేరు. ఆ మధ్యలో చనిపోయినవాళ్ళ వాటా ఎవరికి చేరిందో ఇంటివాళ్ళకే అర్థం కాదు.

పాతరోజులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. ఆ చీకటి నడకా, ఎలుగు భయమూ, మగవాళ్ళ పేరుతో కార్డులూ తిరిగి రాకూడదు. ఆనాటి మనుషులు కనిపెట్టిన రెండు మూడు నియమాలు మాత్రం ఏ చట్టానికీ తీసిపోవు: లెక్క అందరి ముందూ జరగాలి, అంకె పైకి చదవాలి, తీసేస్తే కారణం చూపించాలి. 1996 పెసా చట్టం మా వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అటవీ ఉత్పత్తుల మీద అధికారం ఇచ్చింది. కాబట్టి చేయాల్సిన పని కొత్తదేమీ కాదు. ఏటా సీజన్ అయ్యాక ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టాలి. యూనిట్ ఎంతకు పోయింది, ఎన్ని బ్యాగులయ్యాయి, ఏ ఇల్లాలు ఎన్ని కట్టలిచ్చింది, బోనస్ ఎంత, ఎప్పుడిస్తారు, ఇవన్నీ పేరుపేరునా చదవాలి. గొత్తికోయ గూడెంలో అయితే వాళ్ళ భాషలో చదవాలి. కోసిన మనిషిని కార్మికురాలిగా రాసుకుని, అడవిలో ప్రమాదం జరిగితే పరిహారం ఆ రాతను బట్టే ఇవ్వాలి. చదువురాని మా అమ్మలు పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతిని ఇన్ని కంప్యూటర్లున్న ప్రభుత్వం అమలు చేయలేనని చెప్పడానికి వీల్లేదు.